బావకు పడిన పదకొండు ఓట్లు

మా ఊళ్లో వాన రాకపోతే ఎవరో ఒకరు నేరం చేసి ఉండాలి. మబ్బుది తప్పు కాదు, దేవుడిది అసలే కాదు. ఒక ఏడు, ఒంటి మీద తెల్లమచ్చల తొన్ను ఉన్న ముసలివాణ్ణి కాల్చకుండా పూడ్చినందుకే వాన రాలేదని గుంత తవ్వి ఎముకలు బయటికి తీశారు. వాటిని పొలిమేర దాటించి వచ్చి మెడలు నిక్కించి ఆకాశం వైపు చూశారు. చుక్క రాలలేదు. ఆ ముసలివాడి కొడుకు మాత్రం ఏడాది పొడుగునా తల వంచుకుని తిరిగాడు. అలాంటి ఊరికి ఆ తర్వాతి కరువులో దొరికిన నేరస్థుడు మా బావ.

బావ అంటే వరసకు బావ. నాకంటే రెండేళ్లు పెద్ద. అతని చేనూ మా చేనూ కర్ణాటక వైపు పావగడ తాలూకాలో, వల్లూరు దారిలో పక్కపక్కనే ఉండేవి. ఇప్పుడు ఆ చేల మీద సోలారు పలకలు పరిచారు. వాటికి ఎండే కావాలి కాబట్టి వాన రాలేదని ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు. అప్పట్లో అలా కాదు. తాతల కాలంలో గొర్రెల మందలతో తిరిగిన ఇళ్లు మావి. మందలు తరిగి వేరుశనగ సాగులోకి దిగాం, దిగగానే కరువులు మొదలయ్యాయి. మేత లేక బావ వాళ్లు ఒక ఎద్దును వదిలించుకున్నారు, మేము ఒకదాన్ని వదిలించుకున్నాం. ఒంటెద్దుతో సేద్యం సాగదు. అందుకని మా వైపు ఒంటెద్దు రైతులు ఇద్దరు కలిసి చెరొక ఎద్దూ తెచ్చి కాడి కట్టి, ఈ రోజు నీ చేను, రేపు నా చేను అని దున్నుకుంటారు. మేమిద్దరమూ అలాగే కలిశాం. బావది ఎర్రెద్దు, పొగరుబోతు. నాది తెల్లది, పది సార్లు అదిలిస్తే గాని అడుగు వేయదు. "యజమాని గుణమే వచ్చిండాది దానికి," అని బావ నన్ను ఎగతాళి చేసేవాడు.

ఎద్దులు ఒకదానికొకటి అలవాటు పడడానికి నెల పట్టింది. మాకు అంత కూడా పట్టలేదు. ఇంతకంటే వివరంగా రాయను. సిగ్గుపడి కాదు, అది మా ఇద్దరిదీ కాబట్టి. మగవాడు మగవాడి మీద మనసు పడితే దానికి మా మాటల్లో పేరు లేదు, ఉన్నవన్నీ తిట్లే. పేరు లేనిది లోకంలో ఉండదని ఊరి నమ్మకం. ఆ నమ్మకం చాటున ఐదారేళ్లు హాయిగా బతికాం. పొద్దున్నే కలిసి చేనికి పోయేవాళ్లం, ఒకే సద్దిమూట విప్పుకునేవాళ్లం, ఎండ దిగాక వచ్చేవాళ్లం. ఎద్దుల పొత్తు కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

చెడగొట్టింది బావ నిజాయితీ. వాళ్ల పెద్దమ్మ ఒక సంబంధం తెచ్చింది. పిల్ల తండ్రి వచ్చి కూర్చుంటే, బావ అతన్ని కళ్లం దగ్గరికి పిలుచుకుపోయి ఉన్న మాట చెప్పేశాడు. "నీ బిడ్డకు వంక లేదప్పా. నాకే ఆడదాని మీద మనసు పోదు. చేసుకుంటే ఆ బిడ్డ గొంతు కోసినట్లయితాది. వేరే యాడన్నా చూడు." ఆ పెద్దమనిషి తల ఊపి, పెట్టిన అన్నం తిని, పోతూ పోతూ దారిలో ఉన్న మూడు ఊళ్లలోనూ చెప్పుకుంటూ పోయాడు.

నేను బావ మీద విరుచుకుపడ్డాను. "ఏదో రోగమని చెప్పింటే పోయేది కదా!"

"రోగం కాదు కదప్పా," అన్నాడు. అతనితో ఎప్పుడూ అదే తంటా.

మా ఊళ్లో కూలి మనుషులను పెట్టుకునే స్తోమత ఎవరికీ ఉండేది కాదు. ముయ్యాళ్లతోనే పని సాగేది. ఈ రోజు మీ ఇంటి నుంచి ఇద్దరు మా చేనికి వస్తే, రేపు మా ఇంటి నుంచి ఇద్దరు మీ చేనికి పోవాలి. ముఖ్యంగా వేరుశనగ పీకే రోజుల్లో ముయ్యాళ్లు లేకపోతే పంట పోయినట్టే. పదును ఆరితే నేల బిగిసిపోతుంది. అప్పుడు పీకితే చెట్టు చేతికి వస్తుంది, కాయ నేలలోనే ఉండిపోతుంది. ఆ ఏడు బావ చేనికి ఒక్కరూ రాలేదు. రామని కూడా ఎవరూ చెప్పలేదు. ఒకరికి తలనొప్పి, ఒకరికి సంతకు పోయే పని, ఒకరికి బిడ్డకు జ్వరం. అంతకు ముందు వారమంతా వాళ్ల చేలల్లో నడుము వంచి పీకి వచ్చినవాడే బావ. చివరికి నేనూ అతనూ పారలతో తవ్వి తీశాం. సగం పంట మట్టిపాలయింది.

నా చేనికి మాత్రం పన్నెండు మంది వచ్చారు. ఎందుకు వచ్చారో కూడా చెప్పాలి, దాచితే ఈ రాత ఎందుకు?

ఆ ఏడు దున్నే రోజుల్లోనే, ఊరి నడుమ టీ హోటల్లో ఒక ఉదయం కాయలు ఒలిచే మిషన్ యజమాని నన్ను నిలదీశాడు. చుట్టుపక్కల పండిన కాయంతా ఆయన మిషన్‌లోనే పడాలి, అందుకని ఆయన మాటకు ఊళ్లో ఎదురు లేదు. "ఏమప్పా, నీ ఎద్దుల జతగాడు అట్లాంటోడంట కదా. నువ్వూ అంతేనా?" అన్నాడు. అందరూ టీ ఊదడం ఆపి నా వైపు చూశారు. బావ బయట బల్ల మీదే కూర్చుని ఉన్నాడు.

"థూ!" అన్నాను. అనడం కాదు, నిజంగానే ఉమ్మేశాను. "నాది ఎద్దుల పొత్తే. రేపు ఇంకో ఎద్దు వచ్చిందంటే వాని మొగం గూడా చూడను."

ఊరికి అది చాలింది. నాకు ఎప్పటి గ్లాసులోనే టీ వచ్చింది. బావకు మాత్రం చూరులో విడిగా పెట్టిన గ్లాసు తీసి పోశారు. ఊరి చివర దళితవాడ వాళ్లకని ఏళ్ల తరబడి అక్కడ ఉంచిన గ్లాసు అది. బావ తాగాడు, తనే కడిగాడు, మళ్లీ చూరులో పెట్టాడు. ఆ గ్లాసు అక్కడ ఉందని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అది చేతికి వస్తే ఎలా ఉంటుందో నా మనిషి చేతిలో చూసేదాకా తట్టలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. అన్నేళ్లూ ఆ కాకుల్లో నేనూ ఒకణ్ణి.

మరునాడు తెల్లవారగానే బావ ఎర్రెద్దును తోలుకుని మా వాకిట్లో నిలబడ్డాడు. నేను ఏదో చెప్పబోయాను. "కాడి ఎత్తు, ఎండెక్కుతాది," అన్నాడు. ఆ రోజంతా దున్నాం. తిట్టి ఉంటే నాకు ఊపిరి ఆడేది.

మరుసటి ఏడూ వాన రాలేదు, పంచాయితీ ఎన్నికలు మాత్రం వచ్చాయి. మా వార్డుకు మిషన్ యజమాని నిలబడ్డాడు. రోడ్లు వేయిస్తానని, బోరు వేయిస్తానని చెప్తే ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. "ఊళ్లో ఇట్లాంటి పాపాలు జరుగుతాంటే వానలు యాడి నుంచి వస్తాయి? నన్ను గెలిపీండి. మొదాట ఊరు శుద్ధి చేపిస్తా. వాన్ని పొలిమేర దాటిస్తా," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మా అమ్మ కూడా కొట్టింది. పోలీసుల దగ్గరికి పోదామంటే, అప్పట్లో చట్టం దృష్టిలోనూ దోషులం మేమే.

బావ నామినేషను వేసి వచ్చాకే నాకు చెప్పాడు.

"గెలుస్తాననుకుంటాండావా?" అన్నాను.

"నాకేమన్నా పిచ్చా?"

"మరి ఏందికి ఈ తిప్పలు?"

"పోయినేడు కాయలు తవ్వుతాంటే ఒకామె గట్టు మీద చెంబుతో నీళ్లు పెట్టి పోయింది. మాట మాట్లాడలే. మాట్లాడితే ఊరు ఏమంటుందో అని భయం. అట్లాంటోళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉండారో నాకు తెలియాల. నోటితో చెప్పలేనోళ్లు ముద్రతో చెప్తారు. గుడ్డ చాటున కొట్టేదానికి భయమేముండాది?"

"తెలిసి ఏం చేస్తావు?"

"నేనొక్కన్నే అయితే ఊరిడిసి పోతా, వాళ్లు తరిమేదాకా ఉండను. పట్టుమని పది మంది ఉన్నా ఈడనే ఉంటా."

ఎన్నికల గుర్తుగా అతనికి కుట్టుమిషన్ వచ్చింది. ఊరికి వారం రోజులు నవ్వుకోవడానికి అది సరిపోయింది. మిషన్ యజమానికి తక్కెడ వచ్చింది. బావ ఒక్కడే గడప గడపకూ పోయి, చేతులు జోడించి, ఒకే మాట అన్నాడు. "నేను ఎట్లాంటోన్నో మీకు తెలుసు. అట్లాంటోడు గూడా ఊళ్లో బతకొచ్చు అనుకుంటే కుట్టుమిషన్ మీద ముద్ర కొట్టండప్పా." కొందరు తలుపు వేసుకున్నారు. ఒకరు కుక్కను ఉసిగొల్పారు. ఒక ముసలాయన మజ్జిగ ఇచ్చి, తాగేదాకా నిలబడి, చెంబు తీసుకుని లోపలికి పోయాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ గొణిగింది.

నేనేం చేశానో అడగండి. కన్నడ బడిలో పదో తరగతి దాకా చదివినవాణ్ణని మిషన్ యజమాని నాకు ఒక పని అప్పజెప్పాడు. చదువురాని ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఉత్తుత్తి ఓటు కాగితం చూపించి, ముద్ర ఎక్కడ కొట్టాలో నేర్పాలి. కాదంటే అనుమానం వస్తుందని ఒప్పుకున్నాను. "ఒకదాని మీదే కొట్టాలమ్మా. రెండింటి మీద కొడితే ఏదీ చెల్లదు," అని నా నోటితో ఎన్ని సార్లు చెప్పానో నాకే తెలియదు.

ఓటింగు మూడు రోజులు ఉందనగా కంబళి పరిచారు. మా కులంలో కంబళి మీద చేయి పెట్టి అబద్ధం ఆడరు. ఎవరూ కాలితో తొక్కని నల్ల కంబళి ఒకటి నేల మీద పరిచి, నడుమ బండారం, అంటే దేవుడి పసుపు, కుప్ప పోస్తారు. ఇంటింటి పెద్ద వచ్చి కుడిచేయి దాని మీద ఆనించి మాట ఇవ్వాలి. తప్పితే మంద నశిస్తుందని, వంశం నశిస్తుందని నమ్మకం. మందలు ఎప్పుడో పోయినవాళ్లు కూడా వణికిపోతారు. మా అమ్మకు ఇంకా ఏడు గొర్రెలు మిగిలి ఉన్నాయి. నాయన పోయాక మా ఇంటికి పెద్దను నేనే. తక్కెడకు ఓటు వేస్తానని నేను చేయి పెట్టాలి.

ముందు రోజే చేనిలో బావకు ఈ సంగతి చెప్పాను. అతను తేలిగ్గా తీసుకున్నాడు. "పెట్టు. పెట్టకపోతే నిన్ను గూడా నాతో కలిపేస్తారు. కంబళి అంటే గొర్రె బొచ్చే కదప్పా. ఓటేసే కాడికి అది నీ ఎనకంబడి రాదులే," అన్నాడు. నన్ను చిన్నబుచ్చకుండా నాకు దారి చూపించాడు. నీకే వేస్తానని అతనికి మాట ఇచ్చి, మరునాడు పోయి కంబళి మీద చేయి పెట్టాను.

ఓటింగు బడిలో జరిగింది. వేలికి సిరా పెట్టించుకుని, కాగితం తీసుకుని, గుడ్డ చాటుకు పోయాను. తక్కెడ పైన ఉంది, కుట్టుమిషన్ కింద. ముద్ర సిరాలో అద్ది నేరుగా కుట్టుమిషన్ మీద కొట్టాను. గట్టిగా, బల్ల చప్పుడయ్యేలా కొట్టాను. కాగితం మడిచి పెట్టెలో వేసి బయటికి వచ్చి ఉంటే ఈ కథే లేదు.

మడవలేదు. అక్కడే నిలబడిపోయాను. అమ్మ ఏడు గొర్రెలూ గుర్తొచ్చాయి. గొర్రెలదేముంది, అది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు భయం వేరే. చిన్న వార్డు, కంబళి మీద ఎన్ని చేతులు పడ్డాయో మిషన్ యజమానికి తెలుసు. కుట్టుమిషన్‌కు రెండు ఓట్లే పడితే ఆ రెండోది ఎవరిదని ఊరు అడుగుతుంది, అడిగి నేరుగా మా వాకిట్లోకి వస్తుంది. ఊరంతటిలో బావకు ఇంకెవరో వేస్తారన్న నమ్మకం బావకు ఉంది గాని నాకు లేదు. చేయి మళ్లీ లేచింది. తక్కెడ మీద ఇంకో ముద్ర పడింది.

కంబళికి ఇచ్చిన మాటా నిలబెట్టాను, బావకు ఇచ్చిన మాటా నిలబెట్టాను. ఓటు మాత్రం వేయలేదు. నాలాంటివాణ్ణి గోడమీద పిల్లి అంటారు. పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు ఎటో ఒక వైపు దూకే ధైర్యం ఉంటుంది. నేను బయటికి రాగానే గేటు దగ్గర నిలబడి ఉన్న బావ నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

లెక్కింపు పావగడలో జరిగింది. అభ్యర్థులను మాత్రమే లోపలికి పంపారు. మిగిలినవాళ్లం బయట ఎండలో నిలబడ్డాం. మధ్యాహ్నానికి మిషన్ యజమాని మెడలో దండతో బయటికి వచ్చాడు. వెనకాలే బావ వచ్చాడు. అతనికి పదకొండు ఓట్లు పడ్డాయి. దండ చుట్టూ మూగినవాళ్లలో ఒకడు బావను చూసి అరిచాడు. "ఏమప్పా, పదకొండేనా? ఇంతకీ నీ పెండ్లామన్నా వేసిందా, లేదా?"

అందరూ నవ్వుతూ నా వైపు తిరిగారు. బావ నా వైపు చూడలేదు. అడిగినవాడి కళ్లలోకే చూసి, "వేసినాడు," అన్నాడు. గొంతు కూడా తగ్గించలేదు. ఒక్క నిమిషం ఎవరికీ నవ్వు రాలేదు. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టారు గాని, ముందున్నంత జోరు లేదు. అంతమంది ఎదుట ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి తన మనిషి అని చెప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే. అది నా గురించి, కాని నేను ఓటు వేశానన్నది అబద్ధం, అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

తిరుగు బస్సులో బావ ఆనందం పట్టలేకపోయాడు. "నువ్వూ నేనూ పోతే తొమ్మిది మందప్పా! ఊళ్లో తొమ్మిది మంది ఉండారు!" అన్నాడు. అతనికి తొమ్మిది, నా లెక్కకు పది. నోరు తెరిస్తే ఆ పదో మనిషి సంగతి చెప్పొచ్చు, కాని దానికి ముందు నా సంగతి చెప్పాలి.

"ఇంకొకటి చెల్లకుండా పోయిందిలే," అన్నాడు కాసేపటికి. "రెండింటికీ కొట్టినారు. ఆఫీసరు పైకెత్తి చూపించి, చెల్లదని కన్నడంలో అసింధు అని పక్కన పడేసినాడు. ఎవరో ముసలామె అయింటాది పాపం. మన మిషన్ మీద ముద్ర గట్టిగా పడిండాది. తక్కెడ మీద సగమే పడింది. భయపడిందేమో. ఆమెను తప్పు పట్టేదానికి లేదు."

గెలిచాక మిషన్ యజమాని ఏరు దాటి తెప్ప తగలేశాడు. శుద్ధీ లేదు, పొలిమేరా లేదు. బావ ఎదురుపడితే పక్కకు తప్పుకుని పోయేవాడు, అంతే. మా మీద ఆయనకు నిజంగా పగ ఉన్నా ఇంత మంట ఉండేది కాదు నాకు. ఓట్లకు పనికొస్తుందని మమ్మల్ని వాడుకున్నాడు, పని అయ్యాక మరిచిపోయాడు. మరిచిపోవడానికి వీలు లేనిది మాకే.

బావ మాత్రం ఊళ్లోనే ఉన్నాడు, కొత్త బలంతో ఉన్నాడు. ఎదురుపడిన ప్రతి మనిషినీ, వీడు ఆ తొమ్మిది మందిలో ఒకడేమో అన్నట్టు పలకరించేవాడు. తిట్టినవాణ్ణి కూడా, "పైకి అట్లంటాడు గానీ వేసినాడేమో, యాడ తెలుసు?" అని వదిలేసేవాడు. ఆ పై ఏడు కాయలు పీకేటప్పుడు ముగ్గురు ఆడవాళ్లు పిలవకుండానే అతని చేనిలోకి దిగారు. ఒకామె నీళ్లు పెట్టిపోయిన మనిషి. బావ ఏమీ అడగలేదు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి మూడు వేళ్లు చూపించాడు. ఎద్దుల పేరు చెప్పుకుని నేనూ ఎప్పటిలాగే ఆ చేనిలో ఉన్నాను. ఆ మధ్యలో విధానసభకూ లోక్‌సభకూ ఎన్నికలు వచ్చాయి. పొద్దున్నే అందరికంటే ముందు క్యూలో నిలబడి ఒకే ముద్ర కొట్టి వచ్చాను. ఏ కాగితం మీదా కుట్టుమిషన్ లేదు.

నాలుగేళ్ల తర్వాత వచ్చిన కరువుకు ఎర్రెద్దు కూడా పోయింది. బావను ఊరు తరమలేదు, కరువు తరిమింది. బెంగళూరులో కట్టడం పనికి పోతూ నన్నూ రమ్మన్నాడు. అమ్మ ఉందన్నాను. నిజానికి అమ్మను చూసుకోవడానికి చెల్లెలు ఉంది. రెండు వీధుల ఊళ్లో దాక్కోవడమే అలవాటైనవాడికి అంత పెద్ద ఊరంటే భయం. అతను మళ్లీ అడగలేదు.

బస్సు కోసం రోడ్డు మీద ఇద్దరమే నిలబడ్డాం. బావ హుషారుగానే ఉన్నాడు. "ఆరుగురు ఎవరో తెలిసిపోయింది. ఇంగ ముగ్గురుండారు. నేను లేనప్పుడు నువ్వు కనుక్కో. దొరికితే ఒక మంచి మాట చెప్పు, నా పేరు జెప్పి," అన్నాడు.

ఆ పని నేను మోయలేకపోయాను. "ఆ రెండు ముద్రల కాగితం నాది బావా," అన్నాను.

అతను నన్ను చూశాడు. బస్సు మలుపు తిరిగి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు. అతని ముఖంలో కోపం కోసం వెతికాను. కోపం కనిపించి ఉంటే కాళ్ల మీద పడేవాణ్ణి. పెదాలు కదిలాయి, ఏదో లెక్క పెట్టుకుంటున్నాడు. లెక్క తేలగానే ముఖం విచ్చుకుంది.

"అట్లయితే వాళ్లు తొమ్మిది మంది కాదు. పది మంది!" అన్నాడు.

సంచి భుజానికి ఎత్తుకుని బస్సెక్కాడు. కండక్టరు ఒక్కడేనా అని అడిగాడు. "ఒక్కన్నే," అన్నాడు బావ.